ప్రొద్దుటూరు డాక్టరు గారి పార్టీ

కడప జిల్లా రాజకీయం అనగానే ఎవరికైనా పులివెందులే గుర్తొస్తుంది. ముఖ్యమంత్రులను ఇచ్చిన ఊరు, రాదా మరి! కానీ ప్రొద్దుటూరులో యాభై దాటిన వాళ్లను కదిలించి చూడండి. ‘ఎంవీఆర్’ అనే పేరు తప్పకుండా వినిపిస్తుంది. డాక్టర్ ఎం.వి. రమణారెడ్డి. రాయలసీమ విమోచన సమితి ఆయన పెట్టిందే.

తమాషా ఏమిటంటే, ఆ కాలంలో మా వైపు రాజకీయాల్లోకి ఇద్దరు డాక్టర్లు వచ్చారు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో కొన్నాళ్లు పనిచేశారు. 1973లో పులివెందులలో తండ్రి పేరిట ఆసుపత్రి పెట్టి, 1978లో శాసనసభకు వెళ్లారు. రమణారెడ్డి దారి వేరు. కార్మిక సంఘాలు, ‘ప్రభంజనం’ పత్రిక, రచనలు... వీటి మీదుగా 1983లో తెలుగుదేశం గాలిలో ప్రొద్దుటూరు ఎమ్మెల్యే అయ్యారు. అధికార పార్టీలో నోరు మూసుకుని కూర్చుంటే ఎంత సుఖం! ఆయన కూర్చోలేదు. పార్టీతో విడిపోయి సీమ నీళ్ల సంగతి పట్టుకున్నారు.

ఆ రోజుల్లో మాకు పెన్న అంటే ఇసుకే. ఎండాకాలం ఏట్లో చెలమ తీసి, నీళ్లు ఊరేదాకా బిందె పక్కన పెట్టుకుని కూర్చునేవాళ్లం. మద్రాసుకు 15 టీఎంసీల కృష్ణా నీళ్లు మా జిల్లా మీదుగానే పోతాయట అని అక్కడే మొదటిసారి విన్నాను. ‘మరి మనకో?’ అని మా అవ్వ అడిగింది. సీమ ఉద్యమం అడిగిందీ దాదాపు ఇదే. 1937 నవంబరు 16న శ్రీబాగ్‌లో పెద్దమనుషులు రాసుకున్న ఒప్పందంలో కృష్ణా, తుంగభద్ర నీళ్లలో సీమకు ముందు వరస అన్నారు. 1953లో కర్నూలుకు రాజధాని వచ్చింది, మూడేళ్లకే పోయింది. నీళ్ల మాట కాగితం మీదే ఉండిపోయింది. ఆ లెక్కలన్నీ ‘రాయలసీమ కన్నీటిగాథ’లో రమణారెడ్డి జనానికి అర్థమయ్యేలా విప్పి చెప్పారు.

మా చిన్నాయన ఆ పుస్తకం కొన్నాడు. ఊళ్లో పది మందికి చదివి వినిపించాడు. ఓటు మాత్రం వేరే పార్టీకి వేశాడు. ‘ఆయప్ప చెప్పేది నిజమేలే. రేపు పోలీస్ స్టేషన్లో పని పడితే ఎవరొస్తారు?’ అనేవాడు. నాకు అప్పట్లో కోపమొచ్చేది. ఇప్పుడు అర్థమవుతుంది. మా వైపు ఓటు అభిప్రాయం కాదు, అండ. ఒక్క సమస్యనే నమ్ముకున్న పార్టీ ఆ అండ ఎక్కడి నుంచి తెస్తుంది? 1985 నుంచి ప్రొద్దుటూరులో వరుసగా ఐదుసార్లు గెలిచింది నంద్యాల వరదరాజులరెడ్డి. డాక్టరు మళ్లీ శాసనసభ గడప తొక్కలేదు.

ఆయన మాట మాత్రం పెద్ద పార్టీల నోళ్లకెక్కింది. 1986లో రాజశేఖరరెడ్డి లేపాక్షి నుంచి పోతిరెడ్డిపాడు దాకా నీళ్ల కోసం నడిచారు. ముఖ్యమంత్రి అయ్యాక, 2005లో, ఆ పోతిరెడ్డిపాడు సామర్థ్యాన్నే 11 వేల క్యూసెక్కుల నుంచి 44 వేలకు పెంచే పని చేపట్టారు. పేరు ఆయనకు వచ్చింది, రావాల్సిందే. అయితే దాని వెనుక ఓడిపోయిన వాళ్ల గొంతులు కూడా ఉన్నాయని మా పిల్లలకు ఎవరు చెబుతారు?

2020లో జమ్మలమడుగు దగ్గర గండికోట జలాశయం నిండుతూ వచ్చింది. పూర్తిగా నింపితే 26.85 టీఎంసీలు. నీళ్లు తాళ్లప్రొద్దుటూరు ఇళ్లలోకి ఎక్కుతుంటే జనం పరిహారం లెక్క తేలలేదని గొడవపడుతూ, సామాన్లు ట్రాక్టర్లకెత్తుతూ కనిపించారు. మరుసటి ఏడాది సెప్టెంబరులో రమణారెడ్డి కన్నుమూశారు. ఆ వార్త చదివిన రోజు మా చిన్నాయన బీరువాలో పాత పుస్తకం వెతికి, అట్ట ఊడిపోతే మైదా అంటించి, మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు.