పరదా అవతలి టేబుల్

నాపా వ్యాలీ వైన్ ట్రెయిన్ ఎక్కడికీ తీసుకెళ్ళదు. కాలిఫోర్నియాలో నాపా ఊరి నుంచి సెయింట్ హెలెనా దాకా 18 మైళ్ళు, అక్కణ్ణుంచి మళ్ళీ నాపాకే. మొత్తం మూడు గంటలు. ద్రాక్షతోటలు చూస్తూ భోంచెయ్యడమే పని. విజయవాడ నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్తానంటే నాన్న అడిగిన మొదటి ప్రశ్న: "అయితే ఎక్కినచోటే దిగుతామా?" జంక్షన్ పక్కన పెరిగిన మనిషి. ఆయన లెక్కలో రైలంటే ఎక్కడికో చేరేది.

నన్ను ఆకట్టుకున్నవి మాత్రం పెట్టెలు. చాలావరకు 1915–17 నాటివి, పుల్‌మన్ కంపెనీ తయారీ. మొదట నార్తర్న్ పసిఫిక్ రైల్వేలో ప్రయాణికుల్ని మోశాయి. 1960లో ఇంకో రైల్వే కొనుక్కుని, డెన్వర్ నుంచి మంచుకొండలకి స్కీయింగ్‌కి వెళ్ళేవాళ్ళ కోసం నడిపింది. రైస్-ఎ-రోనీ అనే ప్యాకెట్ వంటకంతో పేరు, డబ్బు సంపాదించిన విన్సెంట్ డెడొమెనికో, సదరన్ పసిఫిక్ వదులుకున్న నాపా లైన్‌ని కొని, ఈ పెట్టెల్ని తెప్పించి, 1989లో ఈ రైలు మొదలుపెట్టాడు. అసలు ఆ లైన్‌ని 1860ల్లో వేసిందే కాలిస్టోగా వేడినీటి బుగ్గలకి జనాన్ని రప్పించడానికి. పుట్టుక నుంచీ టూరిస్టుల లైనే అన్నమాట.

లోపలికి అడుగుపెడితే మహాగని చెక్క, ఇత్తడి మెరుపు, తెల్లటి టేబుల్ క్లాత్‌లు. వరసగా సీట్లుండే చోట టేబుళ్ళొచ్చాయి. పాత సిస్టమ్‌ని కొత్త ప్లాట్‌ఫామ్ మీదకి ఎక్కించడం నా ఉద్యోగం కాబట్టి ఇలాంటివి చూస్తే నాకో ప్రశ్న తప్పదు: ఏది ఉంచారు, ఏది తీసేశారు?

చెక్క ఉంచారు. ఆ చెక్క కాలంలో ఇంకేం ఉండేదో గుర్తుచేసుకుందాం. పుల్‌మన్ స్లీపర్ పెట్టెల్లో పక్కలు వేసి, బూట్లు పాలిష్ చేసే పోర్టర్లంతా దాదాపు నల్లజాతివాళ్ళే. సొంత పేరుండగా చాలామంది ప్రయాణికులు వాళ్ళని 'జార్జ్' అని పిలిచేవాళ్ళు, యజమాని జార్జ్ పుల్‌మన్ పేరుతో. వాళ్ళు 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో యూనియన్ పెట్టుకుంటే, కంపెనీతో ఒప్పందం కుదరడానికి 1937 దాకా పట్టింది. నాపాలోవి స్లీపర్లు కావు, కూర్చుని వెళ్ళే పెట్టెలు. కానీ ఆ తయారీ కంపెనీ పేరుకి ఇవాళున్న వైభవంలో ఆ పోర్టర్ల చాకిరీ వాటా ఎంతో ఉంది.

ఇక రైల్లో భోజనం సంగతి. 1942లో ఎల్మర్ హెండర్సన్ అనే నల్లజాతి ఉద్యోగి వాషింగ్టన్ నుంచి సదరన్ రైల్వేలో వెళ్తున్నాడు. ఉద్యోగాల్లో వివక్ష మీద విచారించే ప్రభుత్వ కమిటీ తరఫున ప్రయాణం! డైనింగ్ కార్‌లో వంటగది పక్కన రెండు టేబుళ్ళు నల్లవాళ్ళవి, వాటికీ మిగతావాటికీ మధ్య పరదా. ఆయన వెళ్ళేసరికి ఆ టేబుళ్ళ దగ్గర తెల్లవాళ్ళు కూర్చుని తింటున్నారు. ఒక కుర్చీ ఖాళీగానే ఉంది. అయినా కూర్చోనివ్వలేదు. మీ సీటు దగ్గరికే తెచ్చిపెడతాం, అదనంగా డబ్బులేం అక్కర్లేదన్నారు. ఆయన వద్దన్నాడు. ఖాళీ అయితే కబురు చేస్తామన్నారు. కబురు రాలేదు. రాత్రి ఆ డైనింగ్ కార్‌నే రైలు నుంచి విడదీసేశారు. ఆయన కోర్టుకెళ్ళాడు. 1950లో సుప్రీంకోర్టు ఆ నిబంధనలు చెల్లవంది.

తీర్పుతో పరదా పోయింది. మరి 2015 ఆగస్టులో నాపాలో ఏమైంది? ఒక బుక్ క్లబ్‌కి చెందిన పదకొండుమంది ఆడవాళ్ళు ఈ వైన్ ట్రెయిన్ ఎక్కారు. పదిమంది నల్లజాతివాళ్ళు, ఒకరు తెల్లజాతి. ఎనభై దాటిన ఆవిడ కూడా ఉన్నారు. గట్టిగా నవ్వుతున్నారు, మిగతావాళ్ళకి ఇబ్బందిగా ఉందని వాళ్ళని పెట్టెలన్నీ దాటిస్తూ, అందరి ముందు నుంచీ నడిపించుకెళ్ళి సెయింట్ హెలెనాలో దింపేశారు. అక్కడ పోలీసులు నిలబడి ఉన్నారు. తర్వాత కంపెనీ క్షమాపణ చెప్పింది, వాళ్ళు కేసు వేశారు, 2016లో రాజీ కుదిరింది.

పుస్తకాల గురించి మాట్లాడుకుంటూ గట్టిగా నవ్వడం. మనం ప్రతి ఆదివారం ఏదో ఒక కేఫ్‌లో చేసేది అదే కదా!

మామూలు రైలు మనకి మర్యాద చెయ్యకపోయినా ఊరు చేరుస్తుంది. టికెట్ డబ్బు కొంతైనా గిట్టుతుంది. డిన్నర్ ట్రెయిన్‌లో ఆ వెసులుబాటు లేదు. గమ్యమంటూ లేని రైలు అమ్మేది ఒక్కటే: ఈ మూడు గంటలూ ఈ పెట్టె మీది, హాయిగా కూర్చోండి అనే భరోసా. అది అందరికీ దక్కకపోతే మహాగని ఎంత మెరిసినా అక్కడ ఇంకేమీ మిగలదు. హెండర్సన్‌కి తిండి ఇస్తామన్నారు, రైలు ఆయన్ని తీసుకెళ్తూనే ఉంది. ఆయన అడిగింది ఆ రెండూ కాదు. టేబుల్ దగ్గర ఖాళీగా ఉన్న కుర్చీ.