సున్నా ఎందుకు కాదు?

పళ్ల మీది గార తీయించుకోవడానికి వచ్చిన కుర్రాళ్లే ఇక్కడ ఎక్కువ. పెళ్లిచూపులో, ఇంటర్వ్యూనో దగ్గరపడుతుంది. కింద డాక్టరు నోరు చూసి, "రోజుకెన్ని?" అని అడిగి, చీటీ రాసి మేడమీదికి పంపుతారు. విజయవాడలో ఓ డెంటల్ కాలేజీలోని పొగాకు మాన్పించే విభాగం ఇది. మానేద్దామని ఇల్లు కదిలి వచ్చేవాళ్లు తక్కువే. అనుమతి అడిగి ఓ మూల కూర్చున్నాను.

ఇరవై రెండేళ్ల కుర్రాడు. డిగ్రీ అయింది, కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాడు. రోజుకు ఏడెనిమిది సిగరెట్లు. శనివారం రాత్రి మందుకు కూర్చుంటే లెక్కే ఉండదు. కౌన్సెలర్ మేడం క్యాన్సర్ ఊసెత్తలేదు. "మానాలని నీకెంత ఉంది? సున్నా నుంచి పదిలోపు ఓ అంకె చెప్పు" అన్నారు.

"నాలుగు ఉంటుంది మేడం." తిట్లు పడతాయనుకున్నాడేమో, తల దించుకునే చెప్పాడు.

"నాలుగా! మరి సున్నా ఎందుకు కాదు?"

పది ఎందుకు కాదని అడిగితే సిగరెట్ తరఫున వకాల్తా పుచ్చుకునేవాడు. ఈ ప్రశ్నకు మానడానికి కారణాలే వెతుక్కోవాలి. వెతుక్కున్నాడు. ఆ ఉద్యోగానికి పెట్టే ఈవెంట్స్‌లో, అంటే దేహదారుఢ్య పరీక్షల్లో, 1600 మీటర్ల పరుగు ఉంది, మూడో రౌండుకే ఆయాసం. ఇంట్లో చెల్లెలు వాసనకి దూరం జరిగి కూర్చుంటోంది. ఆ రెండోది చెప్పేటప్పుడు గొంతు మారింది.

తాగుడుకు అలవాటుపడ్డవాళ్లతో పనిచేస్తూ అమెరికా మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లో ప్రకటించిన పద్ధతికి చెందిన ప్రశ్న అది. వాదించబోతే మనిషి ఎదురువాదన పట్టుకుంటాడు, తన నోటితో తాను చెప్పుకున్న కారణానికైతే కట్టుబడతాడు. మన ఇళ్లలో జరిగేదేమో తండ్రి అరుపు, తల్లి ఏడుపు. కొడుకు వీధిలోకి వెళ్లి ఇంకోటి వెలిగిస్తాడు.

ప్యాకెట్ మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ 2016 నుంచీ ఉంది. కానీ ఈ కుర్రాడు ప్యాకెట్ కొనడు, టీకొట్టు దగ్గర లూజు కొంటాడు. ఆ బొమ్మ కొట్టువాడి దగ్గరే ఉండిపోతుంది.

తర్వాత ఊపిరి బిగబట్టించి, ఓ చిన్న పరికరంలోకి ఊదించారు. 17 చూపించింది. ఊపిరిలోని కార్బన్ మోనాక్సైడ్ అది. రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమించి పరుగులో ఆయాసం పెంచేది అదేనని మేడం చెప్పగానే ముందుకు వంగాడు.

"ఎన్నాళ్లకు తగ్గుద్ది మేడం?"

"ఒక్కరోజు ముట్టుకోకుండా వచ్చి ఊదు. నువ్వే చూస్తావు."

ఈ వయసువాళ్లకి క్యాన్సర్ ముప్పై ఏళ్ల అవతలి సంగతి. రేపటి అంకె మాత్రం చేతికందేది. భయపెట్టే ప్రచారాలు ఇలాంటి కుర్రాళ్ల దగ్గర ఎందుకు పారకపోవచ్చో నాకు ఇక్కడ తేటపడింది.

చిక్కల్లా శనివారమే. మందు పడగానే చెయ్యి సిగరెట్ మీదికి పోతుందని తనే చెప్పాడు. "అయితే ఏం చేద్దాం?" అని మేడం ఊరుకున్నారు. చాలాసేపటికి, "ఈవెంట్స్ అయ్యేదాకా కూర్చోను" అన్నాడు. జీవితాంతం అని ఆవిడ పొడిగించలేదు. ఆ మాట అతని చేతే చీటీమీద రాయించి, కింద జాతీయ క్విట్‌లైన్ నంబరు 1800-11-2356 వేశారు.

"రేపు పొద్దున రానా, సాయంత్రం రానా? ఎప్పుడైతే అంకె తక్కువొస్తుంది?"

"సాయంత్రమే రా. రోజంతా ఆగి రా."