గంట తీగ

మా పెద్దవాడికి స్కూల్లో తాతగారి ఉద్యోగం గురించి పది వాక్యాలు రాసుకురమ్మన్నారట. "తాత బంగారం తవ్వేవాడా నాన్నా?" అంటూ నా దగ్గరికొచ్చాడు. కె.జి.ఎఫ్. అనగానే ఈ కాలం పిల్లలకు సినిమా గుర్తొస్తుంది. వీడు తాతను ఏ అవతారంలో ఊహించుకున్నాడో ఏమో! "తవ్వలేదురా, తవ్వేవాళ్లను కిందికి దించి మళ్లీ పైకి చేర్చేవాడు" అన్నాను.

మా నాయన ఛాంపియన్ రీఫ్ గనిలో వైండింగ్ ఇంజన్ డ్రైవరు. ఆ గని లోతు మూడు కిలోమీటర్లు దాటింది. మనుషులతో దిగే కేజ్ ఆయన కంటికి కనపడదు. ఎదురుగా లోతు చూపించే ముల్లు, చెవి పక్కన గంట, అంతే. కింద గంట ఎన్నిసార్లు కొడితే దానికొక అర్థం: ఆపమనో, దించమనో, మనుషులు ఎక్కుతున్నారనో. ఆ గంట తీగ షాఫ్టులో వేరుగా పోతుంది. కేజ్‌ను మోసే ఇనుప తాడుతో దానికి సంబంధం లేదు. తాడు కదలకపోయినా గంట మోగాలి మరి! లోపల బండలు పగిలి మా ఇళ్లు అదిరిన రాత్రుల్లో నాయన డ్యూటీలో ఉంటే, అమ్మ దీపం ముందు నుంచి లేచేది కాదు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. మా ఊరి కుర్రాళ్లు ఎందరో చేసినట్టే నేనూ మారికుప్పం రైలెక్కి బెంగళూరు చేరాను. రూటర్ల పని నేర్చుకున్నాను. రూటరంటే మరేమీ కాదు, వచ్చిన ఉత్తరం ఏ వీధికి పోవాలో చూసే పోస్టాఫీసు గుమాస్తా లాంటిది. ఎక్కడో దూరాన ఉన్న రూటరుకు మేము అది నడిపే లైను మీదుగానే ఆదేశాలిస్తాం. అంటే కూర్చున్న కొమ్మ మీదే గొడ్డలి పని! అందుకే ఇంకో దారి కూడా పెట్టుకుంటాం. కన్సోల్ పోర్టుకు మోడెం తగిలించి, దానికి వేరే టెలిఫోన్ లైను ఇస్తాం. దీన్నే మా భాషలో ఔట్ ఆఫ్ బ్యాండ్ అంటారు.

2014లో ముళబాగిలు దగ్గర ఒక పాల శీతలీకరణ కేంద్రం రూటరు నా చేతిలో ఉండేది. రైతుల పాల లెక్కలు దాని మీదుగానే బెంగళూరు వచ్చేవి. ఒక రాత్రి పదకొండు గంటలకు ఇంట్లో కూర్చుని, ఎవరిని లోపలికి రానివ్వాలో చెప్పే జాబితాను మార్చబోయాను. అమల్లో ఉన్న జాబితాను చెరిపి కొత్తది మొదలుపెడితే, మొదటి వరుస కొట్టగానే అందులో లేని వాళ్లందరికీ తలుపు మూసుకుంటుంది. లేనివాళ్లలో నేనొకణ్ణి. ముందుగా "పది నిమిషాల్లో రీలోడ్" అని ఒక్క ఆదేశం ఇచ్చి ఉంటే అదే పాత స్థితికి వచ్చేది. ఇవ్వలేదు.

పోనీలే, మోడెం ఉంది కదా అని డయల్ చేశాను. ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు గుర్తొచ్చింది, అంతకు నెల ముందే అక్కడి ఫోన్లన్నీ నెట్‌వర్క్ మీదికి మార్చారు. మోడెం లైను కూడా అందులోనే కలిసిపోయింది. అంటే నా ఫోన్ కాల్ ఆ మూసుకున్న రూటరు గుండానే పోవాలి! ఆ మార్పు కాగితం మీద సంతకం ఎవరిదనుకున్నారు? నాదే.

కారు తీశాను. మేనేజరుగారిని నిద్ర లేపి తాళం తెప్పించేసరికి నాలుగున్నర. అంత దూరం పోయి నేను చేసిన ఘనకార్యం స్విచ్ ఆర్పి వేయడం! మార్పు ఇంకా సేవ్ కాలేదు కాబట్టి రూటరు పాత జాబితాతో లేచింది. బయట అప్పటికే క్యాన్లు దించుతున్నారు. వాళ్ల ముఖం చూడలేక వెనక గేటు నుంచి బయటపడ్డాను.

అక్కడి నుంచి నేరుగా ఊరికి పోయాను. నాయన కాఫీ తాగుతూ అంతా విన్నాడు. ఆయనకు రూటరు తెలీదు, మోడెం తెలీదు. "ఏమప్పా, గంట తీగను తాడుకే కట్టేస్తిరా?" అన్నాడు.

తర్వాత హార్ట్లీ గని సంగతి కూడా చెప్పాడు. 1862 జనవరిలో ఇంగ్లండులోని ఆ గనిలో పంపు ఇంజను దూలం విరిగి, ఉన్న ఒక్క షాఫ్టులో పడి దారి మూసేసింది. 204 మంది పోయారు. అదే ఏడాది అక్కడ రెండు దారులు తప్పనిసరని చట్టం చేశారు. మన గనులకూ అదే నియమం.

పెద్దపెద్దవాళ్లకూ ఈ తిప్పలు తప్పలేదు లెండి. 2021 అక్టోబరు 4న ఒక ఆదేశం పొరపాటుతో ఫేస్‌బుక్ ఆరు గంటలు ఆగిపోయింది. వాళ్ల ఔట్ ఆఫ్ బ్యాండ్ దారీ పనిచేయక, మనుషులను డేటా సెంటర్లకు పంపాల్సి వచ్చింది. 2022 జూలై 8న కెనడాలో రోజర్స్ సంస్థ రూటర్లో ఒక ఫిల్టర్ తీసేస్తే కోటీ ఇరవై లక్షల మందికి పైగా సేవలు పోయాయి. అత్యవసర నంబరు 911 కూడా చాలామందికి అందలేదు. వాళ్ల మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్ కూడా ఆ పడిపోయిన నెట్‌వర్క్ మీదే ఆధారపడి ఉంది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఇప్పుడు నా రూటర్లన్నిటికీ మేనేజ్‌మెంట్ పోర్టు విడిగా, దాని రూటింగ్ పట్టిక విడిగా, వేరే కంపెనీ సిమ్ మీద నడుస్తుంది. నెలకొకసారి, మొదటి శనివారం, అసలు లైను నేనే ఊడదీయించి ఆ దారిలో లోపలికి పోయి చూస్తాను. నాయన ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నాడు. ఆ రోజు భోజనాల దగ్గర తప్పకుండా "మోగిందా?" అని అడుగుతాడు.

పోయిన నెల మోగలేదు. సిమ్ రీచార్జి చెయ్యడం మరిచాను. ఆయనకు మాత్రం మోగిందనే చెప్పాను.