వాకిట్లో రెండు చలికాలాలు

చిలకలగూడలో చలికాలం వచ్చిన సంగతి ముందుగా చెవికి తెలుస్తుంది. ఎండాకాలంలో ఎక్కడో దూరాన వినిపించే సికింద్రాబాద్ స్టేషన్ రైలుకూత, కార్తికం దాటేసరికి పక్క గోడ వెనకనుంచే వచ్చినట్టుంటుంది. తెల్లవారుజామున చల్లగాలి నేలను అంటిపెట్టుకుని, దానిపైన వెచ్చటి గాలి నిలబడితే, శబ్దం పైకి పోకుండా నేలబారున సాగుతుంది. ఆ కూతల మధ్యనే మా పుంజు కూస్తుంది. నామాలగుండు వైపునుంచి ఇంకో పుంజు బదులిస్తుంది. అపార్ట్‌మెంట్లు ఎన్ని లేచినా, పాత ఇళ్లు మిగిలిన గల్లీల్లో ఇంకా కోళ్లున్నాయని ఆ వేళకే తెలుస్తుంది. నాకు ఆ కూత వింటే ధైర్యంగా ఉంటుంది.

మాది పెద్ద జాగా కాదు. ఇంటి వెనక కాస్త మట్టినేల, అందులో ఒక మునగచెట్టు, గోడమీదికి పాకిన చిక్కుడు పాదు, కోళ్ల గూడు. మేడమీద ఒక మూల తేనెటీగల పెట్టె. కోళ్లనూ తేనెటీగలనూ ఒకే ఇంట్లో పెంచితే బాగా అర్థమయ్యేది ఒకటుంది. చలికాలం అందరికీ ఒకే కాలం కాదు. ఒకే చలి, ఒకే పొద్దు. అయినా కోళ్లకు అది విశ్రాంతి కాలం, తేనెటీగలకు కోతల కాలం.

ముందు కోళ్ల మాట. పొద్దు కుంచించుకుపోయే రోజుల్లో ముదురు పెట్టలు ఈకలు రాలుస్తాయి. మెడ బోసిపోతుంది, తోక ఊడిపోతుంది, చూసేవాళ్లు జబ్బు చేసిందేమో అనుకుంటారు. జబ్బేమీ లేదు, బట్టలు మార్చుకుంటున్నాయి. దగ్గరికి తీసుకుని చూస్తే చర్మంలోంచి నీలిరంగు ముళ్లు పొడుచుకొస్తుంటాయి. అవే కొత్త ఈకలు. ఆ ముళ్లలో ఇంకా నెత్తురు ఆడుతుంటుంది కాబట్టి చేయి తగిలితే వాటికి నొప్పి. ఎప్పుడూ ఒడిలోకి వచ్చే పెట్ట కూడా ఆ రోజుల్లో దూరదూరంగా తిరుగుతుంది. ఈక అంటే దాదాపు అంతా మాంసకృత్తే. గుడ్డుకీ అదే కావాలి. ఒంట్లో ఉన్నదాన్ని రెండింటికీ పంచలేక పెట్ట గుడ్డు మానేస్తుంది.

దానికి తోడు వెలుగు. మన దగ్గర జూన్‌లో పగలు 13 గంటలు దాటుతుంది, డిసెంబరు చివరికి 11 గంటలకు దిగుతుంది. ఆ రెండు గంటల తేడా మనకు పట్టదు. కోడికి పడుతుంది. దానికి వెలుగు కంటిలోంచే కాదు, పలచటి పుర్రె ఎముక గుండా కూడా మెదడుకు చేరుతుంది. గుడ్డు పెట్టాలా వద్దా అన్నది అక్కడ తేలుతుంది. గుడ్ల ఫారాల్లో దీపాలు పెట్టి పగటిని 16 గంటల దాకా సాగదీసేది అందుకే. ఆ పెంపకాన్ని నేను తప్పుపట్టను. 1982లో బి.వి.రావు ముందుండి నడిపిన నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ రైతుకు తన గుడ్డు ధర తాను చెప్పుకునే దారి చూపింది. గుడ్డు పేదింటి కంచంలోకి కూడా వచ్చిందంటే ఆ ఫారాల పుణ్యమే. కానీ ఇంటి పెట్టకు నెలనెలా లెక్క చెప్పాల్సిన పని లేదు. మా గూట్లో దీపం పెట్టం.

పక్కింటి పెద్దమ్మ ఊళ్లో ఉన్నప్పటినుంచీ కోళ్లు పెంచిన మనిషి. "పెట్టలు గుడ్లు పెడ్తలేవు పెద్దమ్మా" అంటే ఆమె అన్న మాట ఇది: "పెట్టయి బిడ్డా. గిన్ని దినాలు పెట్టినయ్ గదా, జర ఆగనియ్. సంక్రాంతి దాటినంక అవే పెడ్తయ్. అప్పటిదాంక సతాయించకు." శాస్త్రం చెప్పేదీ అదే. డిసెంబరు 21, 22 తేదీలు దాటితే పగలు మెల్లగా పెరుగుతుంది. పండుగ వెళ్లేసరికి ఆ పెరుగుదల కోడికి అందుతుంది. పెద్దమ్మ ఏ పుస్తకమూ చదవలేదు, పెట్టల్ని చూసింది.

విశ్రాంతి అంటే వదిలెయ్యడం కాదు. పొద్దువాలే వేళకు మోండా మార్కెట్‌నుంచి తెచ్చిన జొన్నలూ నూకలూ చల్లుతాం. గింజ మెల్లగా అరుగుతూ రాత్రంతా ఒంటికి వేడినిస్తుంది. గాలి కొట్టే వైపు గోనెపట్టా కడతాం, కానీ గూడు పైభాగం మూయం. పెంట ఘాటు లోపలే నిలిచిపోతే చలికంటే అదే ఎక్కువ చేటు. కొక్కెర తెగులుకు టీకా మాత్రం తప్పనిసరి. అది ఒక గూట్లో దూరిందంటే గల్లీ గల్లీ ఖాళీ అవుతుంది. మా గూట్లో కొన్ని రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజ కోళ్లు, కొన్ని ఊరి నాటుకోళ్లు. వనరాజ పెరట్లో తిరిగి బతకడానికని తీర్చిన జాతి, గుడ్లూ ఎక్కువే. పొదగడానికి మాత్రం నాటుపెట్టకు సాటి లేదు. 21 రోజులు తిండి ధ్యాస కూడా తగ్గించుకుని కూర్చుంటుంది. ధనుర్మాసంలో ఇంటి ముందు బియ్యప్పిండితో ముగ్గు పెడితే ఈ రెండు జాతులూ కలిసి వచ్చి చుక్కలన్నీ ఏరుకుంటాయి. మా ఇంట్లో ఎవరూ అదిలించరు.

ఇక మేడమీద. చలిదేశాల్లో తేనెటీగలకు చలికాలమంటే తలుపు మూసుకునే కాలం. నెలల తరబడి అన్నీ ఒక్క గుత్తిగా ముద్దకట్టి, రెక్కల కండరాలు వణికిస్తూ వేడి పుట్టించుకుంటూ, దాచిన తేనె తింటూ గడుపుతాయి. మన దక్కనులో కథ వేరు. హైదరాబాద్‌లో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1946 జనవరి 8న 6.1 డిగ్రీలు. అలాంటి చలి కూడా పొద్దెక్కితే విరిగిపోతుంది. ఇక్కడి ఈగకు గడ్డుకాలం ముసురు. వానలకు పూలు తడిసి, ఈగ బయటికి పోలేక, పెట్టెలో ఉన్నదే తిని తీర్చేస్తుంది. చక్కెర నీళ్లు పెట్టాల్సింది అప్పుడు. వానలు వెనకబట్టి ఆకాశం తేటపడితే వాటికి పని మొదలవుతుంది.

మా పెట్టెలో ఉన్నది పుట్టతేనె ఈగ, మన నాటు ఈగ. పెట్టెను తూర్పుముఖంగా పెట్టాం కాబట్టి తొలి ఎండ ద్వారం మీదే పడుతుంది. ముందు ఒకటి రెండు కాపలా ఈగలు వస్తాయి, మీసాలు తుడుచుకుంటాయి, తిరిగి లోపలికి పోతాయి. ఎండ ద్వారం ముందు పలక మీద పరుచుకున్నాక ఒక్కసారిగా గుంపు లేస్తుంది. కాసేపటికి తిరిగొచ్చేవాటి వెనక కాళ్లకు లేతపసుపు పుప్పొడి ముద్దలుంటాయి. బరువుకు కొన్ని ద్వారం దాకా రాలేక పలక మీద దిగి నడిచి పోతాయి. ఎక్కడినుంచి తెచ్చాయంటే చిలకలగూడ అంతా వాటికి తోటే. ఎవరి పెరటి కొబ్బరిగెలో, ఎవరి తులసికోటో, రైల్వే క్వార్టర్ల కంచెమీద పాకిన గులాబీరంగు పూలతీగో, మా మునగపూతో. లోపల పిల్లలున్న చోట మాత్రం బయట ఎంత చలి ఉన్నా 34, 35 డిగ్రీల వేడి తగ్గనివ్వవు. చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ల కింద నీళ్లగిన్నెలు పెట్టి, పాత అట్టలను మైనపు పురుగు పట్టకుండా తీసెయ్యడమే మేం చేసేది. కరెంటు తీగమీద కూర్చుని ఎగిరే ఈగను గాలిలోనే పట్టే ఆ సన్నటి పచ్చపిట్టను తరమం. దానికీ బతుకుండాలి.

తేనె విషయంలో మా ఇంటి కట్టుబాటు ఒకటే. పై అరలో మూతలు వేసిన తేనె మనది, కింది అరలోది వాటిది. ఒక ఈగ తన బతుకంతా తిరిగి తెచ్చేది చెంచాలో పన్నెండో వంతు. ఆ లెక్క మనసులో ఉంటే చేయి దానంతటదే ఆగుతుంది.

ఈ రోజుల్లోనే మన ఊరి నీళ్లట్యాంకుల కింద, ఎత్తైన భవనాల అంచుల కింద పెద్ద తేనెపట్లు వేలాడతాయి. అవి కొండతేనెటీగలవి, పెట్టెలో పెంచలేం. కనబడగానే రాత్రిపూట మంట పెట్టి కాల్చడం చాలా కాలనీల్లో అలవాటైపోయింది. ఇది నాకు నిజంగా బాధ. కదిలించనంతకాలం వాటి దారిన అవి ఉంటాయి, పూలు అడుగంటితే పట్టు వదిలి వేరే తావుకు పోతాయి. పిల్లలు తిరిగే చోట ఉంటే తెలిసినవాళ్లను పిలిచి తీయించవచ్చు. కాల్చిన పట్టుతోపాటు ఆ చుట్టుపక్కల కాయ నిలవాల్సిన పూలు కూడా పోతాయని కాలనీ పెద్దలు ఒక్కసారి ఆలోచించాలి.

నగరంలో మనం అన్ని కాలాలనూ ఒకటిగా చేసుకున్నాం. రాత్రికి దీపం, చలికి హీటరు, కాలం కాని కాలంలో కాయగూర. అది మన సౌకర్యం, దాన్ని వదులుకోమని ఎవరికీ చెప్పను. కానీ మన గడపలో బతికే ప్రాణి కూడా అదే వేగంతో నడవాలనుకోవడం అన్యాయం. ఈకలు మార్చుకునే పెట్టను గుడ్డు అడగకూడదు. పూత మీదున్న ఈగకు అడ్డం పడకూడదు. ఒకదానికి తీరిక, ఒకదానికి దారి ఇవ్వాలి. ఎప్పుడు ఏది ఇవ్వాలో తెలుసుకోవడానికి రోజూ కాసేపు వాటి దగ్గర నిలబడాలి. పెంపకమంటే నాకు తెలిసింది అదే. చిలకలగూడ లాంటి ఇరుకు గల్లీలో కూడా దానికి చోటుంది.