తోంగ్‌పాల్ దారిలో పాత బుల్లెట్

ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ 1955లో ఏర్పడి, మద్రాసు శివారు తిరువొత్తియూరులో బుల్లెట్ బళ్ళ తయారీకి పూనుకొన్నది. తొలినాళ్ళలో ఇంగ్లండు నుండి విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించేవారు. క్రమంగా సమస్తమూ ఇక్కడే తయారు కాసాగింది. 1972లో మా తండ్రిగారు కొన్నది అటువంటి బండి. 346 సి.సి., ఒకే సిలిండరు, బోరు 70 మి.మీ., స్ట్రోకు 90 మి.మీ. తోంగ్‌పాల్ చుట్టుపక్కల సంతలలో చింతపండు కొని, మూటలు వెనుక కట్టుకొని తెచ్చేవారు. మేము పెట్రోలు ట్యాంకుపై కూర్చొని ఎన్ని సంతలు చూశామో లెక్క లేదు.

తోంగ్‌పాల్ ఎరుగని పాఠకులకు ఒక మాట. జగదల్‌పూర్ నుండి సుక్మా, కోంటా మీదుగా భద్రాచలం వెళ్ళే 30వ నంబరు జాతీయ రహదారిపై, దర్భా ఘాట్ దాటిన తరువాత వచ్చే చిన్న ఊరు ఇది. ఇనుము త్రవ్వే మన మిత్రులకు చెప్పదగిన విశేషం, ఈ ప్రాంతపు నేలలో తగరపు ఖనిజం దొరుకుతుంది. బండి తీగెలకు టంకం వేయిస్తున్నప్పుడు అది గుర్తుకు వచ్చి నవ్వుకున్నాము.

1998లో తండ్రిగారు గతించిన పిదప బండి పెరటి పాకలో ఉండిపోయింది. బాగుచేయిద్దామని మేము అనుకొనే నాటికి దారి మారిపోయింది. 2013 మే 25న ఝీరం లోయలోను, 2014 మార్చి 11న తాహక్‌వాడ వద్దను జరిగిన దాడులు పాఠకులకు తెలిసినవే. రెండూ మా ఇంటికి వచ్చే దారిమీదివే. మా అమ్మగారు ఏమీ అనలేదు. బండి తాళంచెవి మాత్రం బియ్యపు డబ్బాలో దాచారు. మేము సెలవులకు బస్సులో వచ్చి బస్సులోనే వెళ్ళేవారము. ఇటీవల రాకపోకలు తేలికపడినాక, ఈ ఏడాది ఆమె అడగకుండానే తాళంచెవి తీసి ఇచ్చారు.

జగదల్‌పూర్‌లో ఒక వృద్ధ మెకానిక్ ఎనిమిది నెలలు పనిచేశారు. ఆ వివరాలు విసుగు పుట్టిస్తాయి గనుక విడిచిపెడతాము. కాంటాక్టు పాయింట్లు తీసివేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుకొమ్మని పలువురు సలహా ఇచ్చారు. మేము ఒప్పుకోలేదు. పాయింట్లు చెడితే దారిప్రక్కన ఉప్పుకాగితంతో రుద్దుకోవచ్చు. ఎలక్ట్రానిక్ పెట్టె చెడితే చేతులు కట్టుకొని నిలబడవలసిందే.

తొలిసారి నడపడం ఒక ఆదివారం ఉదయం జరిగింది. ఈ బండికి బలం కంటె ఓర్పు ముఖ్యం. తాళం తిప్పి కిక్కును మెల్లగా నొక్కుతుంటే అమ్మీటరు ముల్లు ఒక ప్రక్కకు వాలి, తిరిగి మధ్యకు వస్తుంది. పాయింట్లు విడివడినాయనడానికి అది గుర్తు. అప్పుడు డీకంప్రెసర్ లీవరు పట్టుకొని పిస్టనును పై అంచు కొద్దిగా దాటించి, లీవరు వదలి, కిక్కును పైకి రానిచ్చి, ఒక్క నిండు కిక్కు కొట్టాలి. తొందరపడితే కిక్కు వెనక్కి తన్ని చీలమండను పలకరిస్తుంది. మూడవ కిక్కుకు ఇంజను పలికింది.

గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. మొదటి గేరు పైకి, తక్కిన మూడూ క్రిందికి. ముప్పై ఏళ్ళుగా ఎడమకాలితో గేర్లు మార్చిన శరీరానికి ఇది కొత్త అక్షరాభ్యాసమే. అందువల్ల మొదటి గంటసేపు రద్దీ లేని చోటనే నడిపాము. న్యూట్రల్ కోసం మడమతో నొక్కే చిన్న లీవరు వేరే ఉన్నది. నేటి బళ్ళలో అది లేనందుకు మాకు నిజంగానే విచారం కలిగింది.

ఘాట్ ఎక్కుడులో దీని స్వభావం బోధపడింది. బరువైన ఫ్లైవీలు, పొడవైన స్ట్రోకు. కొత్త బండి అయితే గేరు తగ్గించమని మొరపెట్టే మలుపులో ఇది మూడవ గేరులోనే, ఒక్కొక్క దెబ్బ లెక్కపెట్టుకోగలిగినంత నింపాదిగా ఎక్కింది. యాభై కిలోమీటర్ల వేగం వద్ద హాయిగా ఉన్నది. అరవై దాటితే అద్దంలో వెనుకటి లారీ రెండుగా కనబడుతుంది. దిగుడులో మాత్రం డ్రమ్ము బ్రేకులను నమ్మరాదు. రెండవ గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచాలి. ఆరు వోల్టుల దీపం సంగతి చెప్పనక్కరలేదు. చీకటి పడకముందే ఇల్లు చేరడం మంచిది.

ఝీరం దగ్గర బండి ఆపలేదు. వేగం కొంత తగ్గించి, రెండు ప్రక్కలా గుగ్గిలపు చెట్లను చూస్తూ దాటాము. కొంతదూరం పోయి తిరిగి వచ్చాము.

ఇంటి ముందు బండి ఆగేసరికి అమ్మగారు వాకిట్లో ఉన్నారు. మా పరీక్షాఫలితం ఆమె చేతిలో ఉన్నదని మాకు తెలుసు. కాసేపు విని, "మీ నాన్నగారి బండి ఇంత హడావిడి పడేది కాదురా" అన్నారు. "వంతెన దగ్గర ఉండగానే వినిపించేది. నేను పొయ్యిమీద అన్నం దించేసరికి వచ్చేవారు."

ఐడ్లింగు ఎక్కువగా పెట్టి ఉన్నమాట వాస్తవమే. కార్బ్యురేటరు మర అరచుట్టు వెనక్కి త్రిప్పితే ఇంజను ఆగిపోయింది. మరల కిక్కు, ఈసారి పావుచుట్టు. నాలుగవ ప్రయత్నానికి, ఆగిపోతుందేమో అనిపిస్తూ ఆగకుండా నిలిచింది. అమ్మగారు మరికొంతసేపు విన్నారు.

"వెనకాల చింతపండు మూటలు లేవుగా మరి" అని లోపలికి వెళ్ళారు. తాళంచెవి మాత్రం ఇంతవరకు తిరిగి అడగలేదు.