కాలిక్యులేటర్ సెట్టింగు చూడండి, మన బుర్రను తిట్టుకోకండి

పోస్టు కాస్త పొడుగు, ఓపిగ్గా చదవండి. ముఖ్యంగా ఈ ఏడాది ఇంజినీరింగులో, పాలిటెక్నిక్‌లో చేరిన తమ్ముళ్లు, చెల్లెళ్లు.

మా హాస్టల్లో సొంత కాలిక్యులేటర్ అందరికీ ఉండదు. సీనియర్ అన్నలు ఇచ్చిపోయినవి, సెకండ్ హ్యాండ్‌వి, ఇద్దరు ముగ్గురం కలిసి వాడుకుంటాం. వాటితో పాటు ఒక నోటు పుస్తకం కూడా చేతులు మారుతుంది. ఏ లెక్కకు ఏ బటన్ తర్వాత ఏది నొక్కాలో అందులో వరుసగా ఉంటుంది. మాకు అదే ప్రోగ్రామ్.

చిక్కేమిటంటే, బటన్ల వరుస వస్తుంది గానీ ఆ అన్న పెట్టుకున్న సెట్టింగు దానితో రాదు. సర్వేయింగ్‌లో 100 మీటర్ల లైను, బేరింగ్ 30 డిగ్రీలు అనుకోండి. డిపార్చర్ 100 సైన్ 30, అంటే 50 రావాలి. ఒకే వరుస నొక్కితే మాలో ఒకడికి 50, ఇంకొకడికి -98.80, మరొకడికి 45.40 వచ్చింది. మొదటిది డిగ్రీలు, రెండోది రేడియన్లు, మూడోది గ్రేడ్లు. అంతే తేడా.

అంకెలు చూపించే తీరుతో ఇంకో తిప్పలు. 1ని 200తో భాగిస్తే నార్మ్ 1లో 5×10⁻³, నార్మ్ 2లో 0.005 అని చూపిస్తుంది. రెండూ ఒకటే. ఫిక్స్ 2లో మాత్రం 0.01 కనబడుతుంది. లోపల అసలు విలువ అలాగే ఉంటుంది, ఆన్స్ బటన్‌తో 1000 పెట్టి గుణిస్తే 5.00 వస్తుంది. స్క్రీన్ మీద చూసిన 0.01ని మళ్లీ చేత్తో కొడితే 10.00 వస్తుంది. రెట్టింపు!

మన ఇళ్లల్లో ముందు చదివినోళ్లు లేరు. పక్కోడికి వచ్చిన ఆన్సరు మనకు రాకపోతే "మన తలకాయకి ఎక్కదులే" అనేసుకుంటాం. -98.80 వచ్చినోడు సర్వేయింగ్ వదిలేసి సప్లీ రాసుకుంటానన్నాడు. వాడికి లెక్క వచ్చు. మెషీన్ వేరే మోడ్‌లో ఉంది.

అమెరికాలో స్కూలు పిల్లలు వాడే టీఐ-84 గ్రాఫింగ్ కాలిక్యులేటర్లలోనూ ఇదే కథ. కేబుల్‌తో ప్రోగ్రామ్ పంపుకోవచ్చు, కానీ అది అందుకున్న మెషీన్ మోడ్‌లోనే నడుస్తుంది. అందుకే తెలిసినవాళ్లు ప్రోగ్రామ్ మొదట్లోనే డిగ్రీ, ఫ్లోట్ అనే ఆదేశాలు పెడతారు.

మేమూ అలాగే నోటు పుస్తకం మొదటి పేజీలో ఇవి రాశాం:

1. ఫ్రెండ్ దగ్గర తీసుకున్న వెంటనే సైన్ 30 కొట్టు. 0.5 గానీ 1/2 గానీ రావాలి.
2. తేడా వస్తే సెటప్ రీసెట్ చెయ్యి. కాసియో 991ఈఎస్ ప్లస్‌లో షిఫ్ట్, 9, 1, ఈక్వల్, ఏసీ. 991ఎంఎస్‌లో షిఫ్ట్, మోడ్, 2, ఈక్వల్, ఏసీ.
3. మధ్యలో వచ్చిన అంకెను చూసి కొట్టకు, ఆన్స్ వాడు.

పరీక్ష హాల్లోకి వెళ్లేముందు ఒక్క నిమిషం చాలు. మీ జూనియర్లకు కాలిక్యులేటర్ ఇచ్చేటప్పుడు ఈ పేజీ కూడా రాసివ్వండి.