వానాకాలపు శరత్తు

పుదుచ్చేరి అనగానే చూడవచ్చిన వారికి సముద్రతీరపు ఫ్రెంచి వీధులు, పసుపుపచ్చని గోడలు, వాటిపైకి పాకిన కాగితపు పూలతీగలు జ్ఞప్తికి వస్తాయి. ఆ వీధులకు దూరంగా, జిప్మర్ వైద్యసంస్థకు చేరువలో ఉన్న ఇందిరా నగర్‌ను ప్రత్యేకించి చూడడానికి ఎవరూ రారు. ఉద్యోగుల ఇళ్ళు, వాకిట ముగ్గులు, ప్రహరీగోడల మీదుగా వీధిలోకి వంగిన కొమ్మలు తప్ప అక్కడ వేరే విశేషాలు లేవు. అయినా ఒక వృద్ధకవికి ఋతువు అంటే ఏమిటో కొత్తగా బోధపడింది ఆ వీధిలోనే.

ఆయన యానాంవారు. 1954 నవంబరు 1న ఫ్రెంచి పాలన నుండి భారతదేశానికి సంక్రమించిన పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాంలలో తెలుగుగడ్డ యానాం ఒక్కటే. గౌతమీతీరాన ఉన్న ఆ ఊరి ఉద్యోగులకు రాజధాని మాత్రం వందల కిలోమీటర్ల దూరాన, తమిళసీమలో ఉంది. బదిలీపై అక్కడికి వెళ్ళడం వారికి అలవాటైన సంగతే. తెలుగు ఉపాధ్యాయుడైన ఆయన కూడా అలాగే వచ్చి, పదవీవిరమణ తరువాత కుమారుని కుటుంబంతో ఇందిరా నగర్‌లోనే స్థిరపడ్డారు. వచ్చేటప్పుడు ఆయన వెంట తెచ్చుకున్నది పద్యాల నోటుపుస్తకం. ఆయన భార్య తెచ్చుకున్నది కడియం నర్సరీలో కొన్న పారిజాతం మొక్క. రైలులో దారి పొడుగునా దానిని ఒడిలో పెట్టుకుని వచ్చి, కొత్త ఇంటి వాకిట నాటారామె.

కడియం పేరు వచ్చింది కనుక ఒక మాట. పూలమొక్కలకు పేరుపడిన ఆ ఊరిలోనే 1870లో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి జన్మించారు. ఆయన బాల్యం గడిచింది యానాంలో. తిరుపతి వేంకట కవులలో ఒకరిని పెంచిన ఊరు కనుక, పద్యం చెప్పగలగడం యానాంలో ఒక గౌరవం. మాస్టారికి ఆ గౌరవం యౌవనంలోనే దక్కింది. ఆయన పద్యాలలో ఛందోదోషం ఉండేది కాదు. ఉగాదికి వసంతం, శ్రావణంలో మేఘం, కార్తీకంలో వెన్నెల తప్పకుండా ఉండేవి. పుదుచ్చేరికి వచ్చిన తరువాత కూడా ఆ క్రమంలో మార్పు లేదు.

మారినది మనుమరాలి వల్ల. ఆ అమ్మాయి బడిలో తమిళం చదువుతుంది, ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది. సాయంకాలాలు తాతగారి వద్ద తెలుగు అక్షరాలు నేర్చుకునేది. వాచకానికి బదులు ఆయన తన నోటుపుస్తకమే ఇచ్చేవారు. ఒక కార్తీకమాసపు సాయంత్రం ఆమె కూడబలుక్కుంటూ శరచ్చంద్రికను గురించిన సీసపద్యం చదువుతోంది. బయట మధ్యాహ్నం నుండి ఎడతెగని వాన. వీధిలో మోకాటిలోతు నీరు. పద్యం కింద వేసిన తేదీ, క్రిందటి ఏడు సరిగా ఆ రోజుల్లోదే. అమ్మాయి తల ఎత్తి, "తాతయ్యా, అప్పుడు కూడా బడికి వానసెలవు ఇచ్చారుగా! మరి నీకు వెన్నెల ఎక్కడ కనిపించింది?" అని అడిగింది.

ఆయన వద్ద జవాబు లేదు.

పుదుచ్చేరిలో ఏడాది పొడుగునా కురిసే వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలోనే, ఈశాన్య ఋతుపవనాల వల్ల కురుస్తుంది. అంటే మన కావ్యాలు నిర్మలాకాశానికి, నిండు వెన్నెలకు కేటాయించిన ఆశ్వయుజ కార్తీకాలే అక్కడ అసలైన వానాకాలం. మేఘాన్ని వర్ణించవలసిన శ్రావణంలో ఎండ ఇంకా చురచురలాడుతూ ఉంటుంది. మాట వరసకు యానాం శరత్తు మాత్రం ఎప్పుడూ కావ్యశరత్తేనా అంటే, అదీ కాదు. 1996 నవంబరు 6న గోదావరి తీరాన్ని అతలాకుతలం చేసిన తుపాను శరదృతువులోనే వచ్చింది. ఆ ఏడు కూడా నోటుపుస్తకంలో వెన్నెల పద్యం ఉంది. పాత పేజీలు తిరగవేసినప్పుడు ఆయనను అన్నిటికంటె నొప్పించినది ఇదే. కొబ్బరిచెట్లు వరుసలుగా నేలకూలిన ఏడు కూడా ఆయన కలం పూర్వకవుల ఆకాశాన్నే చూసింది.

ఇందులో పూర్వకవుల తప్పు లేదు. వారు చూసినది వారు రాశారు. చూడకుండా రాయడం తరువాతివారికి అలవాటైంది.

కొన్ని నెలలపాటు ఆయన ఏమీ రాయలేదు. వీధిలో నడిచేవారు. ధనుర్మాసపు ఉదయాలలో తమిళుల వాకిళ్ళ ముగ్గుల నడుమ పేడముద్దపై గుమ్మడిపువ్వు కనిపించేది. అది యానాం గొబ్బెమ్మకు తోబుట్టువే. ఫాల్గుణం వెళ్ళేసరికి వేపచెట్లు పూతకు వచ్చేవి. ఉగాదినాటికి ఆయన కోడలు చెట్టు కింద తెల్లని పాతచీర పరచి, రాలిన పూత పచ్చడికి ఏరేది. మిగిలినది పొరుగింటి తమిళ గృహిణి పట్టుకువెళ్ళి, కొంత చిత్తిరై సంవత్సరాదినాటి మామిడికాయ పచ్చడికి ఉంచి, తక్కినది చారులోకి ఎండబెట్టేది. "మావయ్యగారూ, ఈ చెట్టుకు రెండు ఉగాదులండీ!" అని కోడలు ఒకనాడు నవ్వుతూ అన్నది. ఆయన లోపలికి వెళ్ళి ఆ మాటను నోటుపుస్తకంలో రాసుకున్నారు. చాలాకాలానికి రాసిన వాక్యం అది, ఛందస్సు లేకుండా.

పట్టణానికి ఇలాంటి చూపు కొత్తది కాదు. 1908 నుండి 1918 వరకు ఇక్కడ ప్రవాసంలో ఉన్న సుబ్రహ్మణ్య భారతి 'కుయిల్ పాట్టు' కావ్యాన్ని ఈ ఊరి తోపులోని కోకిల నుండే అల్లుకున్నారు. ఇక్కడే పుట్టిన భారతిదాసన్ 1944లో తన ప్రకృతి కవితల సంపుటికి 'అళగిన్ సిరిప్పు', అంటే అందపు నవ్వు, అని పేరు పెట్టారు. 2007లో ఈ కేంద్రపాలిత ప్రాంతానికి అధికారిక చిహ్నాలను నిర్ణయించినప్పుడు పక్షిగా కోకిల, పుష్పంగా నాగలింగం ఎంపికయ్యాయి. నాగలింగవృక్షం దక్షిణ అమెరికా నుండి వచ్చినది. ప్రబంధాల ఉద్యానవర్ణనలలో దానికి చోటు లేదు. పడగ కింద లింగం వలె కనిపించే ఆ పువ్వును ఇక్కడివారు చూసి, తామే పేరు పెట్టుకున్నారు.

పేర్ల సంగతి వస్తే, అరవింద ఆశ్రమపు మీరా అల్ఫాసా, అందరూ శ్రీమాత అని పిలిచే ఆమె, సుమారు 900 పూలకు ఆధ్యాత్మికార్థాలు సూచిస్తూ పేర్లు పెట్టారు. పొగడ ఆమెకు సహనం. పారిజాతం అభీప్స.

ఆ మరుసటి కార్తీకంలో, తెల్లవారుజామున వాన కాస్త తెరిపి ఇచ్చినప్పుడు, మనుమరాలు పళ్ళెం నిండా పూలు ఏరుకుని వచ్చింది. "పవళమల్లి" అన్నది. తెలుగులో పారిజాతం అనాలని ఆయన దిద్దబోయి ఆగారు. పవళం అంటే పగడం. పగడపు మల్లె! పారిజాతమనగానే ఆయన మనస్సు స్వర్గానికి, సత్యభామ అలుకకు, నంది తిమ్మన ప్రబంధానికి పరుగెత్తేది. కళ్ళు మాత్రం ఆ తెల్లని రేకుల కింద ఉన్న పగడపుకాడను ఎన్నడూ నిలిచి చూడలేదు. వాకిట ఆ చెట్టు ఇన్నేళ్ళుగా పూస్తూనే ఉంది. దానిని నాటిన మనిషి కాలం చేసి అప్పటికి నాలుగేళ్ళు. ఆమె బ్రతికి ఉండగా ప్రతి శరత్తులోనూ ఇలాగే పళ్ళెం తెచ్చి ఆయన బల్లపై పెట్టేవారు. దానిని పక్కకు జరిపి, ఆయన వెన్నెలను గురించి రాసుకునేవారు.

ఆనాడు ఆయన రాసిన పద్యంలో వెన్నెల లేదు. వాన ఉంది, తడిసిన మెట్టు ఉంది, పగడపుకాడ ఉంది, పళ్ళెం పట్టుకున్న చేతులు ఉన్నాయి. చేతులు ఎవరివో చెప్పలేదు. చదవడం పూర్తి చేసిన అమ్మాయి తనవే అనుకుని సంతోషించింది. కోడలు మాత్రం మారు మాటాడక కళ్ళు ఒత్తుకున్నది.

సాయంత్రం వీధి మలుపులో మూరల లెక్కన మల్లెలు అమ్మే తమిళ స్త్రీకి ఆయన పద్యభావాన్ని ఆమె భాషలో చెప్పారు. ఆమె శ్రద్ధగా విన్నది. "పవళమల్లి బేరానికి పనికిరాదయ్యా. పొద్దెక్కేలోగా వాడిపోతుంది, దారానికి ఆగదు" అని, బుట్టపై తడిగుడ్డ సర్దుకున్నది.